పాత భవనం మీది ఆకాశం

నగరం నడిబొడ్డున ఉన్న ఒక పాత భవనాన్ని కూల్చాలన్న ప్రతిపాదన వచ్చిందంటే వాదనంతా గోడల చుట్టూ తిరుగుతుంది. పగుళ్లిచ్చాయని యజమాని అంటాడు, వందేళ్ల చరిత్ర ఉందని జనం అంటారు. అసలు తగాదా మాత్రం ఆ భవనం కప్పుకు పైన ఉంటుంది. నాలుగంతస్తుల కట్టడం ఉన్న చోట నలభై అంతస్తులు కట్టుకోవచ్చని నిబంధనలు చెబుతుంటే, మిగిలిన ముప్పై ఆరు అంతస్తుల ఖాళీ ఆకాశానికి ధర పలుకుతుంది. కింద ఉన్నది ఎంత గొప్ప కట్టడమైనా ఆ ధర ముందు తేలిపోతుంది. ఈ ఖాళీ ఆకాశాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వచ్చిన చరిత్రలో పెద్ద భాగం అమెరికా డౌన్‌టౌన్లలోనే నడిచింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడ జనమూ దుకాణాలూ శివార్లకు తరలిపోవడం మొదలైంది. నడిబొడ్డు ప్రాంతాలు వెలవెలబోయాయి. 1949లో వచ్చిన గృహనిర్మాణ చట్టం దీనికి ఒక మందు చూపించింది. పాడుబడిందని తేల్చిన ప్రాంతాన్ని నగరపాలక సంస్థ సేకరించి, నేలమట్టం చేసి, డెవలపర్లకు అమ్మవచ్చు. ఆ లావాదేవీలో వచ్చే నష్టంలో మూడింట రెండు వంతులు కేంద్ర ప్రభుత్వం భరించేది. మరి ఆ ప్రాంతంలో బాగున్న భవనం ఉంటే? వాషింగ్టన్‌లో ఒక దుకాణం విషయంలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రాంతం మొత్తాన్ని ఒకటిగా చూసి ప్రణాళిక వేయవచ్చని, ఒక్కో భవనం మంచిచెడ్డలు విడివిడిగా తేల్చనక్కర్లేదని 1954లో కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తర్వాత బుల్డోజర్‌కు అడ్డు లేకుండా పోయింది. 1956 నుంచి జాతీయ రహదారుల నిర్మాణం కూడా తోడైంది. చాలాచోట్ల పాత వీధులు పోయిన చోట వచ్చింది పార్కింగ్ స్థలమే.

న్యూయార్క్‌లోని పెన్సిల్వేనియా స్టేషన్‌కు మాత్రం ప్రభుత్వం వల్ల ముప్పు రాలేదు, సొంత యజమాని వల్లే వచ్చింది. 1910లో తెరిచిన ఆ స్టేషన్‌ను మెకిమ్, మీడ్ అండ్ వైట్ సంస్థ డిజైన్ చేసింది. పురాతన రోమ్‌లోని కారకల్లా స్నానశాలలను మనసులో పెట్టుకుని కట్టిన వెయిటింగ్ హాలు, బయట వరుసగా గ్రానైట్ స్తంభాలు, ప్లాట్‌ఫారాల మీద ఉక్కూ గాజూ కలిపి లేపిన కప్పు. విమానాలు, కార్లు పెరిగి రైల్వే కంపెనీ నష్టాల్లో పడ్డాక ఆ వైభవం దానికి భారమైంది. స్టేషన్ మీది గాలి హక్కులు, అంటే పైన ఉన్న ఖాళీలో కట్టుకునే హక్కులు, అమ్ముకుంటే డబ్బు వస్తుందని లెక్క వేసుకుంది. పట్టాలు ఎలాగూ నేల కింద ఉన్నాయి, రైళ్లు ఆగనక్కర్లేదు. పైన ఉన్న స్టేషన్‌ను తీసేసి మాడిసన్ స్క్వేర్ గార్డెన్ క్రీడా ప్రాంగణం, ఆఫీసు టవర్ కట్టడానికి ఒప్పందం కుదిరింది.

1962 ఆగస్టులో వాస్తుశిల్పులు, రచయితలు ప్లకార్డులు పట్టుకుని స్టేషన్ ముందు నిలబడ్డారు. ఫలితం లేకపోయింది, ఎందుకంటే వాళ్లకు పట్టుకోవడానికి చట్టం లేదు. నగర అధికారుల ముందున్న ప్రశ్నల్లా అక్కడ క్రీడా ప్రాంగణానికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నదే. కూల్చబోయే కట్టడం విలువ ఏమిటని అడిగే అధికారం వాళ్లకు లేదు. ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఆ స్టేషన్ గొప్పదని అందరికీ తెలుసు, ఆ మాట నమోదు చేయడానికి ఫైల్లో చోటే లేదు. 1963 అక్టోబర్ 28న పని మొదలైంది. శిల్పాలు, స్తంభాల ముక్కలు చాలావరకు న్యూజెర్సీ చిత్తడి నేలల్లో పడ్డాయి.

1965 ఏప్రిల్‌లో న్యూయార్క్ మేయర్ రాబర్ట్ వాగ్నర్ చారిత్రక కట్టడాల పరిరక్షణ చట్టంపై సంతకం చేశారు. దాని ప్రకారం, నగరంలోని చారిత్రక కట్టడాల కమిషన్ అనుమతి లేకుండా గుర్తింపు పొందిన భవనాన్ని మార్చకూడదు, కూల్చకూడదు. మరుసటి ఏడాది దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది, చారిత్రక కట్టడాల జాబితా అయిన జాతీయ రిజిస్టర్ మొదలైంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. జాతీయ రిజిస్టర్‌లో పేరు ఉన్నంత మాత్రాన ప్రైవేటు యజమాని సొంత డబ్బుతో తన భవనాన్ని కూల్చుకోకుండా ఆ చట్టం ఆపదు. కేంద్ర నిధులో, అనుమతులో ఉన్న ప్రాజెక్టు అయితే ముందుగా పరిశీలన జరగాలంటుంది, అంతే. నిజంగా ఆపగలిగేది స్థానిక చట్టమే. గోడ మీద ఇత్తడి ఫలకం చూసి నిశ్చింతగా ఉన్నవాళ్లు ఒక పొద్దున్న క్రేన్‌ను చూడాల్సి రావడానికి కారణం ఇదే.

స్థానిక చట్టానికి అసలు పరీక్ష గ్రాండ్ సెంట్రల్ టెర్మినల్ దగ్గర వచ్చింది. 1913లో తెరిచిన ఈ స్టేషన్‌కు 1967లో గుర్తింపు ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే దాని మీద 55 అంతస్తుల టవర్ లేపుతామని యజమాని అయిన రైల్వే కంపెనీ పెన్ సెంట్రల్ ముందుకొచ్చింది. డిజైన్ వాస్తుశిల్పి మార్సెల్ బ్రోయర్‌ది. కమిషన్ కాదంది, పరిహారం ఇవ్వకుండా తన ఆస్తిని లాగేసుకున్నారంటూ కంపెనీ కోర్టుకెక్కింది. 1975లో కింది కోర్టు కంపెనీ పక్షాన తీర్పు ఇచ్చింది. పరిహారం కట్టాల్సి వస్తుందేమోనన్న టెన్షన్‌లో నగరం అప్పీలుకు వెళ్తుందా అన్నదే అనుమానమైంది. అప్పుడు దివంగత అధ్యక్షుడు జాన్ కెనడీ భార్య జాక్వెలిన్ కెనడీ ఒనాసిస్ మేయర్ అబ్రహాం బీమ్‌కు ఉత్తరం రాసి, పత్రికల ముందుకు వచ్చి ఉద్యమానికి ముఖంగా నిలిచారు. నగరం అప్పీలుకు వెళ్లింది.

1978 జూన్ 26న సుప్రీంకోర్టు 6-3 తేడాతో నగరం వైపు నిలిచింది. తీర్పు రాసింది జస్టిస్ విలియం బ్రెన్నన్. ఆస్తిని ముక్కలు చేసి, పైన ఉన్న గాలి భాగాన్ని మాత్రమే చూపించి మొత్తం లాగేసుకున్నారనడం కుదరదని కోర్టు చెప్పింది. స్టేషన్ ఇన్నాళ్లూ ఎలా నడిచిందో అలాగే నడుస్తుంది, దాని మీద తగిన రాబడి కూడా వస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట కూడా ఉంది. వాడుకోని నిర్మాణ హక్కులను దగ్గర్లోని వేరే స్థలాలకు బదిలీ చేసుకునే వీలును న్యూయార్క్ కల్పించింది కాబట్టి, యజమాని పూర్తిగా నష్టపోయినట్టు కాదు. మనం టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కులు) అంటున్నది ఇదే. ఖాళీ ఆకాశాన్ని పక్కకు జరిపితే కింద భవనం మిగులుతుందన్న ఆలోచన అక్కడ బలపడింది.

పన్నుల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 1976 నుంచి చారిత్రక భవనాన్ని బాగుచేసుకునే యజమానికి పన్నులో ఊరట మొదలైంది. 1986 చట్టం ప్రకారం, ఆదాయం తెచ్చే చారిత్రక భవనంపై పెట్టిన అర్హమైన మరమ్మతు ఖర్చులో 20 శాతం పన్ను నుంచి మినహాయించుకోవచ్చు. పాత గిడ్డంగులు అపార్ట్‌మెంట్లుగా, పాత బ్యాంకులు హోటళ్లుగా మారడం వెనుక ఈ లెక్క ఉంది.

ఇవన్నీ ఉన్నా ఒక సందు మిగిలే ఉంది. కూల్చడానికి అనుమతి రాకపోతే యజమాని ఏమీ చేయకుండా కూర్చోవచ్చు. కప్పు మీద నీటి గొట్టాలు పూడిపోతాయి, వాన లోపలికి దిగుతుంది, దూలాలు కుళ్లుతాయి. పదేళ్లకు భవనం ప్రమాదకరంగా ఉందని ఇంజనీరు నివేదిక వస్తుంది. ఆ నివేదిక అబద్ధం కాదు, కానీ సగం కథే చెబుతుంది. అలాంటి కాగితం చేతికి వచ్చినప్పుడు కప్పుకు చివరిసారి మరమ్మతు ఎప్పుడు జరిగిందో అడగాలి. కనీస మరమ్మతులు యజమాని బాధ్యతేనని కొన్ని నగరాల చట్టాలు చెబుతున్నాయి. ఆ నిబంధనను అమలు చేయడానికి మనుషులుండాలి, ఏటా తనిఖీ జరగాలి.

పెన్సిల్వేనియా స్టేషన్ నిలబడిన చోటికి ఎదురుగా, రోడ్డుకు అవతల, అదే సంస్థ డిజైన్ చేసిన పోస్టాఫీసు భవనం ఒకటి ఉంది. 1966లో దానికి రక్షణ దొరికింది. నేల కింద ఇరుకైన స్టేషన్‌లో ప్రయాణికులు అర్ధ శతాబ్దానికి పైగా అవస్థ పడ్డాక, ఆ పోస్టాఫీసులో టపా వేరుచేసే పాత హాలుకు గాజు కప్పు వేసి 2021 జనవరి 1న రైల్వే హాలుగా తెరిచారు. దానికి సుమారు 160 కోట్ల డాలర్లు ఖర్చయింది.