గాలి పడిపోయిన సముద్రంలో తెరచాప పడవ

2017 సెప్టెంబరు 10న భారత నౌకాదళ తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణి గోవా నుంచి ప్రపంచాన్ని చుట్టిరావడానికి బయల్దేరింది. అందులోని ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మనవాళ్లే. ఆ దారిలో భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. తుపానుల గురించి ఎంతసేపైనా చెప్పుకుంటాం గానీ, అక్కడ గాలి ఆడకపోవడం కూడా నావికులకు పెద్ద పరీక్షే.

ఉత్తర, దక్షిణ దిక్కుల నుంచి వచ్చే వ్యాపార పవనాలు భూమధ్యరేఖ దగ్గర కలుస్తాయి. వేడెక్కిన తేమగాలి పైకి లేచిపోతుంది. గాలి పైకే పోతుంటే తెరచాపకు దక్కేదేముంది? ఈ ప్రాంతాన్నే డోల్‌డ్రమ్స్ అంటారు. అట్లాంటిక్‌లో ఇది ఆఫ్రికా వైపు వెడల్పుగా ఉంటుంది, పడమటికి పోయేకొద్దీ సన్నబడుతుంది. అందుకే రేసు పడవలు కాస్త చుట్టుదారైనా పడమటగా వెళ్లి దాటుతాయి.

గాలి వేగం సగమైతే తెరచాప మీద పడే బలం నాలుగో వంతుకు తగ్గుతుంది. అందువల్ల ఉన్న గాలిని ఏ కోణంలో పట్టామన్నదే ముఖ్యం. 5 నాట్ల (సముద్రంలో వేగాన్ని నాట్లలో కొలుస్తారు, ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) గాలి వెనక నుంచి వీస్తోంది, పడవ 3 నాట్లతో పోతోంది అనుకుందాం. తెరచాపకు తగిలేది 2 నాట్లే. అదే గాలి సరిగ్గా పక్క నుంచి వస్తే, పడవ నడక వల్ల పుట్టే గాలి కూడా దానికి కలిసి దాదాపు 5.8 నాట్లవుతుంది. బలంలో తేడా ఎనిమిది రెట్లకు పైనే! అందుకే వెనకగాలి మరీ పలచగా ఉన్నప్పుడు నేరుగా పోకుండా ఏటవాలుగా, వంకరటింకరగా వెళ్తారు. దూరం పెరిగినా ముందే చేరతారు. నౌకాయానంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచే లెక్క ఇదే.

గాలి ఆగినా అలలు ఆగవు. ఎక్కడో పుట్టిన అలలు వచ్చి పడవను ఊపుతూనే ఉంటాయి. ఒరిగినప్పుడల్లా తెరచాప టపటపా కొట్టుకుంటుంది, దాని అడుగున ఉండే బూమ్ అనే అడ్డకర్ర అటూ ఇటూ విసురుగా ఊగుతుంది. కుట్లు ఊడతాయి, రాత్రి నిద్ర ఉండదు. అందుకని బూమ్ కదలకుండా తాడుతో ముందుకు లాగి కడతారు. మనుషులంతా గాలి వెళ్లే వైపుకు జరిగి కూర్చుంటారు. పడవ కొద్దిగా ఒరిగితే తెరచాప తన బరువుకే ఆ పక్కకు వాలి వంపు తిరుగుతుంది. పిల్లగాలి తగలగానే పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. చుక్కానిని ఊరికే తిప్పకూడదు, తిప్పిన ప్రతిసారీ అది బ్రేకులా పనిచేస్తుంది. మెల్లగా పోయే పడవను వెనక్కి లాగేది ముఖ్యంగా నీటి రాపిడి కాబట్టి, అడుగున పట్టిన నాచును బయల్దేరే ముందే గీకేయాలి.

మరి గాలిని వెతికేదెలా? అద్దంలాంటి నీటి మీద ముదురు రంగు మచ్చలా సన్నని అలలు కనిపిస్తే అక్కడ గాలి తగులుతోందని అర్థం. డోల్‌డ్రమ్స్‌లో నల్లమబ్బులూ గాలి తెస్తాయి, అయితే ఒక్కసారిగా తెస్తాయి. మబ్బు దగ్గరికి వచ్చేలోపే పలచని పెద్ద తెరచాపను దించేయాలి, లేదంటే చిరిగిపోతుంది. ఆ వాన నీటిని పట్టుకుని ట్యాంకులు నింపుకుంటారు.