2030 అన్నారు, 2020కే ఆగిపోయింది: ఐర్లాండ్ పీట్ ఊళ్ళ వెనక కథ

ఐర్లాండ్‌లో ఉండే మనవాళ్ళు కరెంట్ బిల్లులో పీఎస్‌ఓ లెవీ అనే లైన్ చూసే ఉంటారు, కొన్ని రకాల కరెంట్ తయారీకి సాయంగా అందరి దగ్గరా వసూలు చేసే చార్జీ అది, అదేంటని చాలామంది పట్టించుకోరు, కానీ 2019 చివరిదాకా ఆ డబ్బులో కొంత పీట్ కాల్చి కరెంట్ తీసే స్టేషన్లకి వెళ్ళేది. ఇప్పుడా కరెంట్ లేదు. ఆ స్టేషన్ల మీద బతికిన ఊళ్ళకి అంత సాయం, ఇంత సాయం అని వార్తలొస్తుంటే, అసలు సాయం అవసరమయ్యే పరిస్థితి ఎలా వచ్చిందో మొదట్నుంచీ చెప్పుకోవాలనిపించింది.

పీట్ అంటే నీళ్ళు నిలిచే నేలలో నాచు మొక్కలు పూర్తిగా కుళ్ళకుండా పొర మీద పొర పేరుకున్నది. ఏడాదికి పెరిగేది సుమారు ఒక మిల్లీమీటరు. అక్కడ దాన్ని టర్ఫ్ అంటారు, స్లాన్ అనే సన్నటి పారతో ఇటుకల్లా కోసి, ఎండలో ఆరబెట్టి, గూడు కట్టి, చలికాలం పొయ్యిలో వేసుకునేవాళ్ళు, మన ఊళ్ళల్లో పిడకలు ఎండేసి పేర్చుకున్నట్టే. ఇది ఇంటి అవసరం. కరెంట్ కోసం వేల ఎకరాలు తవ్వడం తర్వాత వచ్చింది.

ఆ దేశానికి సొంత బొగ్గు చాలా తక్కువ. 1934లో ప్రభుత్వం టర్ఫ్ డెవలప్‌మెంట్ బోర్డు పెట్టింది, దాని పెద్ద టాడ్ ఆండ్రూస్ 1935లో జర్మనీ, సోవియట్ యూనియన్ వెళ్ళి మెషీన్లతో పీట్ ఎలా తీస్తున్నారో చూసొచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నుంచి బొగ్గు రావడం బాగా తగ్గిపోయింది, డబ్లిన్‌లో ఫీనిక్స్ పార్క్ రోడ్డు పొడవునా టర్ఫ్ కుప్పలు కొండల్లా పెట్టుకోవాల్సొచ్చింది. ఆ భయం నుంచే 1946లో బోర్డ్ న మోనా అనే ప్రభుత్వ కంపెనీ పుట్టింది, 1950లో పోర్టార్లింగ్టన్‌లో మొదటి పీట్ స్టేషన్, ఆ తర్వాత ఫెర్బేన్, లేన్స్‌బరో, షానన్‌బ్రిడ్జ్ ఇలా వరసగా.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. కంపెనీ ఉద్యోగాలే కాదు, ఊళ్ళు కూడా కట్టింది. 1950ల్లో ఫ్రాంక్ గిబ్నీ అనే ఆర్కిటెక్ట్ గీసిన ప్లాన్లతో కిల్‌కార్మక్, రోచ్‌ఫర్ట్‌బ్రిడ్జ్ లాంటి చోట్ల వర్కర్లకి కాలనీలు లేచాయి, పీట్ మోయడానికి నారో గేజ్ రైలు పట్టాలు వందల కిలోమీటర్లు వేశారు, వేసవిలో పీట్ తీసే పనికి ఇంటిల్లిపాదీ వెళ్ళేవాళ్ళు. మాది సింగరేణి ఏరియా, ఒకే కంపెనీ మీద ఊరు మొత్తం బతకడమంటే ఏంటో చూసి పెరిగాను, అందుకే ఈ స్టేషన్లున్న ఆఫలీ, లాంగ్‌ఫర్డ్ జిల్లాల కథ నాకు పరాయిదిగా అనిపించదు.

మరి ఎందుకు ఆపాల్సొచ్చింది అంటే, అంతే వేడికి పీట్ బొగ్గు కన్నా ఎక్కువ కార్బన్ వదుల్తుంది, పైగా తవ్వడానికి నీళ్ళు తోడేసిన నేల కూడా కాల్చినా కాల్చకపోయినా కార్బన్ వదుల్తూనే ఉంటుంది. ఇది తెలిసిన కాలంలోనే 2000ల మొదట్లో షానన్‌బ్రిడ్జ్‌లో 150 మెగావాట్లు, లేన్స్‌బరోలో 100 మెగావాట్ల కొత్త స్టేషన్లు కట్టారు. నా దృష్టిలో అసలు తప్పు అక్కడే జరిగింది, ఆ ఊళ్ళని ఇంకో పదిహేనేళ్ళు అదే పనికి కట్టేశారు.

2015లో బోర్డ్ న మోనా 2030 కల్లా కరెంట్ కోసం పీట్ తీయడం ఆపేస్తామంది. 2018 అక్టోబర్‌లో ఆ గడువుని ఇంకా దగ్గరికి తెచ్చి 430 దాకా ఉద్యోగాలు పోతాయని చెప్పింది. 2019 జులైలో షానన్‌బ్రిడ్జ్ స్టేషన్‌ని మెల్లగా బయోమాస్‌కి, అంటే కలప లాంటి మొక్కల ఇంధనానికి, మార్చే ప్లాన్‌కి ప్లానింగ్ బోర్డు పర్మిషన్ ఇవ్వలేదు, సెప్టెంబర్‌లో పీట్ తవ్వకానికి ప్లానింగ్ మినహాయింపు ఇచ్చిన రూల్స్‌ని హైకోర్టు కొట్టేసింది, నవంబర్‌లో ప్రభుత్వ కరెంట్ కంపెనీ ఈఎస్‌బీ షానన్‌బ్రిడ్జ్, లేన్స్‌బరో రెండు స్టేషన్లూ ఏడాదిలో మూసేస్తామని ప్రకటించింది. అలాగే 2020 డిసెంబర్‌కి రెండూ ఆగిపోయాయి. 2021 జనవరిలో కంపెనీ పీట్ తీయడమే పూర్తిగా ఆపేశామంది. పదిహేనేళ్ళలో మెల్లగా జరగాల్సింది ఐదేళ్ళకే అయిపోయింది.

సాయం మాత్రం ఆ స్పీడ్‌లో రాలేదు. కీరన్ మల్వీని జస్ట్ ట్రాన్సిషన్ (పాత పని పోయిన ఊళ్ళు నష్టపోకుండా కొత్త పనికి మారడం) కమిషనర్‌గా వేసిందే 2019 నవంబర్‌లో, అంటే మూసివేత ప్రకటన వచ్చిన నెలలోనే. మొదటి ఫండ్ 11 మిలియన్ యూరోలు, అందులో 5 మిలియన్లు ఈఎస్‌బీ ఇచ్చింది. యూరోపియన్ యూనియన్ జస్ట్ ట్రాన్సిషన్ ఫండ్ ప్రోగ్రామ్, దేశం వాటాతో కలిపి 169 మిలియన్లు, ఓకే అయ్యేసరికి 2022 డిసెంబర్, స్టేషన్లు ఆగి రెండేళ్ళు. అందులో 68 మిలియన్ల దాకా టూరిజానికే, మంచిదే, కానీ పాతికేళ్ళు లోకో నడిపినవాడికి, స్టేషన్‌లో వెల్డింగ్ చేసినవాడికి అదే జీతం వచ్చే పని సైకిల్ ట్రాక్ పక్కన దొరుకుతుందా అన్నది న్యాయమైన ప్రశ్న.

చిన్న వ్యాపారాల దెబ్బ కొన్ని విచిత్రమైన చోట్ల తగిలింది. లేన్స్‌బరో స్టేషన్ వదిలే వేడి నీళ్ళకి షానన్ నదిలో చేపలు చేరేవి, వాటికోసం బయటిదేశాల నుంచి కూడా గాలం వేసేవాళ్ళు వచ్చేవారు, ఆ నీళ్ళు ఆగాక ఆ ఆకర్షణా పోయింది. పుట్టగొడుగులు, నర్సరీ మొక్కలు పెంచేవాళ్ళకి పీట్ ఇంకా కావాలి, లోకల్‌గా దొరక్క 2021 సెప్టెంబర్‌లో లాట్వియా నుంచి 3,600 టన్నులు ఓడలో ఐర్లాండ్‌లోని ద్రొగెడా రేవుకి తెప్పించుకున్నారు. కాల్చే పీట్‌కీ, మొక్కల పీట్‌కీ ఒకే రూల్ ఎలాగని రైతులు అప్పుడే అడిగారు, అడగడంలో న్యాయం ఉంది.

నాకు బాగా నచ్చింది మాత్రం నేలని తిరిగి తడిపే స్కీమ్. 108 మిలియన్ యూరోల ప్రభుత్వ డబ్బు, 33,000 హెక్టార్లు, 350 దాకా ఉద్యోగాలు నిలబడతాయని చెప్పారు. ఒకప్పుడు నీళ్ళు పోవడానికి కాలవలు తవ్విన కంపెనీయే ఇప్పుడు తన మెషీన్లతో, తన మనుషులతో ఆ కాలవలకి అడ్డుకట్టలు వేయిస్తోంది, పని అదే నేలలో, అదే ఊరి దగ్గర. కాకపోతే కాలవలన్నీ మూసేశాక ఆ పని కూడా అయిపోతుంది, ఆ తర్వాతి పని గురించి ఇప్పుడే మాట్లాడాలి.