విదేశీ సహరచయితల లెక్క: గణితానికి ఒకటి, కణ భౌతికానికి మరొకటి

చెన్నైలో పరిశోధన ముగించిన ఇద్దరు తెలుగు విద్యార్థులు, ఒకరు గణితంలోనూ మరొకరు పదార్థంలోని అతి సూక్ష్మ కణాలను పరిశీలించే కణ భౌతికంలోనూ, ఒకే ఏడాది ఉద్యోగానికి దరఖాస్తు చేసుకుంటే, మొదటివారి పరిశోధన పత్రాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, రెండోవారివి వందల్లో ఉండవచ్చు. ఈ తేడా ప్రతిభ వల్ల వచ్చింది కాదు, ఆయా శాస్త్రాలు పెరిగిన తీరు వల్ల వచ్చింది.

గణితంలో సహకారం ఉత్తరాలతో నడిచింది. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉన్న రామానుజన్ 1913లో కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరమే 1918లో ఆ ఇద్దరి పేర్లతో వెలువడిన ప్రసిద్ధ పత్రానికి దారితీసింది. తెలుగు కుటుంబంలో పుట్టిన అల్లాడి రామకృష్ణన్ మైలాపూరులోని తమ ఇంట్లోనే సైద్ధాంతిక భౌతికశాస్త్ర సదస్సు నడిపారు. 1960లో నోబెల్ గ్రహీత నీల్స్ బోర్ అంతటివారు ఆ ఇంటికి వచ్చారు. 1962లో గణితశాస్త్రాల సంస్థ వెలసింది ఆ సదస్సు నుంచే. అక్కడ కావలసిందల్లా నల్లబల్ల, మాట్లాడే మనుషులు.

ప్రయోగానికి అది చాలదు. తెలుగు, తమిళ కార్మికులు తరతరాలుగా తవ్విన కోలారు బంగారు గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్‌లోని ఒసాకా సిటీ, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయాలవారు కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే, దేన్నైనా దాదాపు తాకకుండా దూసుకుపోయే కణాల జాడ పట్టుకుని 1965లో ప్రకటించారు. గని మనది, పరికరాలూ శ్రమా మూడు దేశాలవి. ఆ దారి ఎంత దూరం వెళ్లిందంటే, హిగ్స్ కణం ద్రవ్యరాశిపై 2015లో వచ్చిన పత్రానికి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు వారి పేర్లకూ సంస్థలకూ సరిపోయాయి.

1964లో అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్, ఏ పత్రాన్ని ఎవరు ఉటంకించారో చూపే సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాక ఈ పత్రాలన్నిటినీ ఒకే పట్టికలో లెక్కించడం సులువైంది. చిక్కు అక్కడే మొదలైంది. ప్రతి రచయితకూ పూర్తి పత్రం జమచేస్తే కణ భౌతికం కొండలా పెరుగుతుంది. పంచి ఇస్తే, కణాలను పసిగట్టే పరికరం (డిటెక్టరు) దగ్గర ఏళ్లు గడిపినవారికి అయిదు వేలలో ఒక వంతు దక్కుతుంది. రెండూ అన్యాయమే. చెన్నైలోని తెలుగువారి మాటతీరుపై శ్రద్ధగా చేసిన భాషాశాస్త్ర పరిశోధనకు విదేశీ సహరచయిత అవసరమే ఉండకపోవచ్చు. అయినా ఆ లెక్కల పట్టికలో అంతర్జాతీయ సహకారం అనే గడిలో దానికి పడేది సున్నాయే.