పదిహేనుకి ఆలౌట్

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నాడి గొంతు వింటే ప్రాణం ఉసూరుమంది. స్కూల్ మ్యాచ్‌లో 31కే ఆలౌట్ అయ్యారట, ఇక బ్యాట్ ముట్టుకోనన్నాడు. ఒరే, అంతకంటే ఘోరంగా ఆడిన జట్టు కథ చెబుతాను. అక్క చదివి వినిపించినా సరే, నువ్వే చదువుకున్నా సరే.

1922 జూన్ 14, బర్మింగ్‌హామ్‌లోని ఎడ్జ్‌బాస్టన్ మైదానం. రెండు కౌంటీ జట్ల మ్యాచ్, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. వార్విక్‌షైర్ 223 చేసింది. ఆ తర్వాత హాంప్‌షైర్ దిగింది. స్కోర్‌కార్డు చెబుతాను, మీరే కూడండి: మీడ్ 6 నాటౌట్, కెప్టెన్ టెన్నిసన్ 4, షర్లీ 1, బైస్, అంటే బ్యాట్‌కి తగలకుండా వచ్చిన పరుగులు, 4. మిగిలిన ఎనిమిది మందీ సున్నా. మొత్తం 15. తొమ్మిది ఓవర్లు కూడా పట్టలేదు, 53 బంతుల్లో ఇన్నింగ్స్ ముగిసింది.

ఆ కెప్టెన్ లయొనెల్ టెన్నిసన్ గురించి కొంచెం చెప్పాలి. ఇంగ్లండ్ ఆస్థానకవి మనవడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మూడుసార్లు గాయపడ్డాడు, ఇద్దరు తమ్ముళ్లనూ పోగొట్టుకున్నాడు. తిరిగొచ్చి 1919లో హాంప్‌షైర్ కెప్టెన్ అయ్యాడు, 1932 దాకా ఉన్నాడు. 1921లో లీడ్స్ టెస్టులో ఇంగ్లండ్‌కి కెప్టెన్‌గా ఫీల్డింగ్ చేస్తుంటే చెయ్యి చీలింది. ఆ చేత్తో బ్యాట్ సరిగా పట్టుకోలేడు. అయినా ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్లు గ్రెగరీ, మెక్‌డొనాల్డ్‌లను దాదాపు ఒంటిచేత్తో ఎదుర్కొని 63, 36 కొట్టాడు. ఆ మ్యాచ్ ఓడిపోయారు. నాకు మాత్రం ఆ 63 చాలా సెంచరీల కంటే పెద్దది.

ఇంకో సంగతి కూడా ఉంది. అతను అమెచ్యూర్, అంటే ఆటకి జీతం తీసుకోనివాడు. అప్పట్లో దాదాపు ప్రతి కౌంటీకీ అమెచ్యూరే కెప్టెన్. ఆడి బతికేవాళ్లని ప్రొఫెషనల్స్ అనేవారు. ఎంత బాగా ఆడినా వాళ్లకి కెప్టెన్సీ దక్కడం చాలా అరుదు. చాలా మైదానాల్లో వాళ్ల డ్రెస్సింగ్ రూమ్ వేరు, బయటికొచ్చే గేటు కూడా వేరు. స్కోర్‌కార్డులో పేరు అచ్చు వేసే తీరు చూసి ఎవరు ఎవరో చెప్పేయొచ్చు. ఇది అన్యాయమే. టెన్నిసన్ అంటే నాకెంత ఇష్టమున్నా ఆ మాట దాచను. చివరికి 1952లో లెన్ హటన్ అనే ప్రొఫెషనల్‌ని ఇంగ్లండ్ కెప్టెన్ చేశారు. అతని మొదటి సిరీస్ మన ఇండియాతోనే. 1963 సీజన్‌కల్లా ఆ తేడానే ఎత్తేశారు, అందరూ క్రికెటర్లే అయ్యారు.

సరే, మన మ్యాచ్‌కొద్దాం. హాంప్‌షైర్ ఫాలో ఆన్ ఆడింది, అంటే బాగా వెనకబడ్డందుకు వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగింది. ఆట అయిపోయినట్టేనని అందరూ అనుకుంటే, టెన్నిసన్ మాత్రం తామే గెలుస్తామని పందెం కాశాడని చెప్పుకుంటారు. రెండో ఇన్నింగ్స్‌లో తను 45 కొట్టాడు. జార్జ్ బ్రౌన్ 172 కొట్టాడు. అయినా 274కి ఎనిమిది వికెట్లు పోయాయి. అప్పటికి ఆధిక్యం 66 పరుగులే.

అప్పుడు పదో నంబర్‌లో వచ్చాడు వికెట్ కీపర్ వాల్టర్ లివ్సే. మొదటి ఇన్నింగ్స్‌లో ఇతనిదీ సున్నానే. ఇతనెవరో తెలుసా? మైదానం బయట టెన్నిసన్‌కి సేవకుడు. దొరగారి బట్టలు సర్దిపెట్టే మనిషి. బ్రౌన్‌తో కలిసి తొమ్మిదో వికెట్‌కి 177 జోడించాడు. బ్రౌన్ వెళ్లాక ఆఖరి బ్యాట్స్‌మన్ బాయెస్‌తో ఇంకో 70. హాంప్‌షైర్ 521 దగ్గర ఆగేసరికి లివ్సే 110 నాటౌట్‌గా నిలబడి ఉన్నాడు.

వార్విక్‌షైర్‌కి కావలసింది 314. 158కే కుప్పకూలింది. హాంప్‌షైర్ 155 పరుగుల తేడాతో గెలిచింది.

ఆ కథ గుర్తొచ్చినప్పుడల్లా కెప్టెన్ కంటే ముందు లివ్సేనే నా కళ్లముందు మెదులుతాడు. దొర ధీమాగా పందెం కాశాడు సరే, దాన్ని నిలబెట్టింది దొర దగ్గర పనిచేసే మనిషి చేతిలోని బ్యాట్.

చిన్నాడా, మీ తర్వాతి మ్యాచ్ ఎప్పుడో, ఎవరితోనో రాయి. నువ్వు ఎన్నో నంబర్‌లో దిగుతావో కూడా రాయి. అమ్మమ్మ సున్నుండలు చేసింది, ఆదివారం మీ నాన్న వస్తే పంపిస్తాం.

మీ తాతయ్య