కప్ప ట్రే దిగడానికి 54 ఏళ్లు

విజయనగరంలో నేను బీఎస్సీ జువాలజీ చదివే రోజుల్లో, ప్రాక్టికల్స్ అంటే ల్యాబ్ అటెండర్ గోనెసంచిలో తెచ్చే కప్పలే. క్లోరోఫాం వాసన, మైనం ట్రే, గుండుసూదులు. అదే సబ్జెక్టు చదివిన మా మేనకోడలు కప్పను ట్రేలో చూడనే లేదు. చార్టు, ప్లాస్టిక్ మోడల్, కంప్యూటర్లో బొమ్మ, అంతే. రికార్డు గీయడం మాత్రం ఆమెకీ తప్పలేదు.

ఇదేదో కొత్త ఆలోచన అనుకుంటారు. కాదు. భరతనాట్య కళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టాక వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది: పుస్తకాలు, మోడళ్లు, ఫిల్ములతో పని జరిగితే కాలేజీల్లో జంతువుల మీద ప్రయోగాలు మానాలని. కానీ సిలబస్ కదల్లేదు. కోతకు మార్కులున్నంత కాలం ఏ లెక్చరర్ మానతాడు?

ఈలోగా బోదురు కప్పలకు ఇంకో గండం, కాళ్ల ఎగుమతి. పురుగుల్ని తినే కప్పలు పొలాల్లో కరువవుతున్నాయన్న ఆందోళనతో 1987లో కేంద్రం దాన్ని ఆపింది. వరి చేల మధ్య పెరిగిన మనకు జీవకారుణ్యం కన్నా ఈ వాదనే తొందరగా ఎక్కుతుంది.

2011లో యూనివర్సిటీలను చూసే యూజీసీ, డిగ్రీ పిల్లలు కోయక్కర్లేదు, లెక్చరర్ ఒకటి కోసి చూపిస్తే చాలంది. 2014లో అదీ వద్దంది. ఎంబీబీఎస్‌లో కప్ప కండరానికి కరెంటు పెట్టి, మసి పట్టించిన డ్రమ్ము మీద గీతలు తీయించే ప్రయోగం కూడా ఆ ఏడాది మార్పులతోనే కంప్యూటర్‌కి మారింది. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్నీ అప్పుడే నిషేధించారు.

మందుల దగ్గరే నడక నెమ్మది. జంతువులు లేని పరీక్షల ఫలితాలకు కొత్త మందుల నిబంధనల్లో చోటు దొరికింది 2023లో. ఇంజెక్షన్‌లో జ్వరం తెప్పించే మలినం ఉందేమోనని కుందేలుకు ఎక్కించి టెంపరేచర్ చూసేవారు. మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథం, 2018 ఇండియన్ ఫార్మకోపియా, దాని బదులు టెస్ట్‌ట్యూబ్ పరీక్ష పెట్టింది. పైడిభీమవరం వైపు మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ చేసే కుర్రాళ్లకు ఎల్ఏఎల్ అంటే తెలుస్తుంది, ఆ టెస్ట్‌ట్యూబ్ పరీక్షే. దానికి కావలసిన పదార్థాన్ని తీసేది హార్స్‌షూ క్రాబ్ అనే సముద్ర జీవి నీలి రక్తం నుంచి. అంటే కుందేలు తప్పించుకుంది, పీత దొరికిపోయింది. ఆ రక్తం అక్కర్లేకుండా ల్యాబ్‌లో తయారుచేసే ప్రొటీన్ ఇప్పుడు మార్కెట్లో ఉంది.