గో భాషలో పాయింటర్ల లోపలి పాయింటర్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

జావా, పైథాన్, సి లాంటి ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకుని గో భాషకు వచ్చినవాళ్ల కోడ్‌ను రోజూ పరిశీలిస్తుంటాను. ఎవరి పాత అలవాటు వాళ్లది కానీ, స్ట్రక్ట్‌లో (కొన్ని వివరాలను, అంటే ఫీల్డ్‌లను, ఒకచోట కట్టిన మూట) స్ట్రక్ట్, దానిలో ఇంకో పాయింటర్ (విలువను కాక, అది ఉన్న మెమరీ చిరునామాను దాచుకునేది) వచ్చేసరికి అందరూ తడబడేది దాదాపు ఒకే చోట్ల.

అపోహ: ‘న్యూ’తో సృష్టిస్తే లోపలివన్నీ సిద్ధమైపోతాయి.

అడిగిన రకానికి సరిపడా చోటు కేటాయించి, సున్నా విలువలు నింపి, ఆ చోటి మెమరీ చిరునామా చేతికివ్వడంతో ‘న్యూ’ పని అయిపోతుంది. పూర్ణాంకానికి సున్నా విలువ 0, స్ట్రింగ్‌కు ఖాళీ స్ట్రింగ్, పాయింటర్‌కు నిల్, అంటే దేన్నీ చూపించకపోవడం. ఆర్డర్ అనే స్ట్రక్ట్‌లో కస్టమర్ ఒక పాయింటర్, కస్టమర్‌లో ఇంటి చిరునామా ఇంకో పాయింటర్ అనుకుందాం. ఆర్డర్‌ను మాత్రమే సృష్టించి, కస్టమర్ చిరునామాలోని పిన్‌కోడ్‌లో 500001 అని రాయబోతే ప్రోగ్రామ్ అక్కడే ప్యానిక్ అవుతుంది, అంటే నడుస్తుండగానే కూలిపోతుంది. కంపైలర్ ముందుగా ఏమీ చెప్పదు. రకాల లెక్క ప్రకారం ఆ వాక్యంలో తప్పేమీ లేదు మరి. కస్టమర్‌నూ చిరునామానూ పాయింటర్లుగా కాక నేరుగా స్ట్రక్ట్‌లుగా పెట్టుకుని ఉంటే ఈ బెడదే ఉండేది కాదు. ‘ఈ వివరం లేదు’ అని చెప్పాల్సి వచ్చినప్పుడో, ఒకే వస్తువును నలుగురూ పంచుకోవాల్సి వచ్చినప్పుడో తప్ప పాయింటర్ ఫీల్డ్ పెట్టవద్దనే నేను చెబుతాను.

అపోహ: టెస్టులన్నీ పాసయ్యాయి, ఇక నిల్ భయం లేదు.

నేను బోల్తా పడింది ఇక్కడే. మా టెస్టులు ఆర్డర్లను జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే పద్ధతి) ఫైళ్ల నుంచి చదివేవి. గో ప్రామాణిక లైబ్రరీలోని జేసన్ డీకోడర్‌కు నిల్ పాయింటర్ ఎదురైతే, తానే కొత్త విలువ సృష్టించి అందులో నింపుతుంది. అందువల్ల ఎంత లోతుకు వెళ్లినా అన్నీ అమర్చినట్టే కనిపించాయి. ఒకరోజు దుకాణానికే వచ్చి తీసుకెళ్తానన్న కస్టమర్ ఆర్డర్ వచ్చింది. జేసన్‌లో చిరునామా భాగమే లేదు కాబట్టి డీకోడర్ దాని జోలికి పోలేదు. రాత్రిపూట రవాణా ఖర్చులు లెక్కగట్టే ప్రోగ్రామ్ ఆ ఆర్డర్ దగ్గర కూలిపోయింది, దాని వెనక ఉన్నవన్నీ తెల్లవారేదాకా అలాగే పడి ఉన్నాయి. చిరునామా నిల్ కాదు కదా అని చూసే ఒక్క ‘ఇఫ్’ వాక్యంతో పోయే జబ్బు. మర్నాడు మొదట రాసింది మాత్రం చిరునామా లేని ఆర్డర్‌తో ఒక టెస్టు.

అపోహ: నిల్ స్లైస్, నిల్ మ్యాప్ రెండూ ఒకటే.

స్లైస్ అంటే వరుసగా పేర్చిన జాబితా, మ్యాప్ అంటే కీ చెబితే విలువ ఇచ్చే పట్టిక. నిల్ స్లైస్‌కు నిశ్చింతగా అపెండ్ చేసుకోవచ్చు, అంటే చివర చేర్చుకోవచ్చు. నిల్ మ్యాప్‌లో రాయబోతే ప్యానిక్. చిక్కేమిటంటే, నిల్ మ్యాప్ నుంచి చదివితే ఏ గొడవా చేయకుండా సున్నా విలువ ఇస్తుంది. కాబట్టి మొదటిసారి రాసేదాకా లోపం బయటపడదు. స్ట్రక్ట్ లోపల మ్యాప్ ఉంటే, ఆ స్ట్రక్ట్‌ను తయారుచేసే ఫంక్షన్‌లోనే దాన్ని ‘మేక్’ చేయాలి, అంటే వాడటానికి సిద్ధంగా సృష్టించాలి.

‘మేక్’ అంటే గుర్తొచ్చింది. పది పాయింటర్ల స్లైస్‌ను పొడవు 10 అని చెప్పి ‘మేక్’ చేస్తే వచ్చేవి పది నిల్‌లే. కుర్చీలు వేశాం, మనుషులు రాలేదు. పైగా దానికి అపెండ్ చేస్తే కొత్త వస్తువు 11వ చోట కూర్చుంటుంది.

అపోహ: స్ట్రక్ట్‌ను ఇంకో చలరాశిలోకి కాపీ చేస్తే రెండూ వేరైనట్టే.

పై పొర మాత్రమే వేరవుతుంది. లోపలి పాయింటర్ కాపీ అయినా అది చూపించే వస్తువు ఒక్కటే. నమూనా ఆర్డర్‌ను కాపీ చేసి కొత్తదానిలో పిన్‌కోడ్ మారిస్తే నమూనాలోనూ మారిపోతుంది. ప్యానిక్ ఉండదు, లాగ్‌లో జాడ ఉండదు, సరుకు మాత్రం వేరే ఊరికి వెళ్తుంది. కూలిపోయే ప్రోగ్రామే దీనికన్నా నయం. పాయింటర్ ఉన్న ప్రతి మెట్టులోనూ కొత్త వస్తువు సృష్టించి, విలువలు దానిలోకి చేర్చే కాపీ ఫంక్షన్‌ను మనమే రాసుకోవాలి.

అపోహ: ఫంక్షన్ లోపలి చలరాశి చిరునామాను బయటికి పంపకూడదు.

ఇది సి భాషవారి భయం, అక్కడ న్యాయమైనదే. గోలో ఆ చలరాశి ఫంక్షన్ దాటి బతకాలని కంపైలర్ గుర్తిస్తే దాన్ని హీప్‌లో (ఫంక్షన్ ముగిసినా నిలిచే మెమరీ భాగం) పెడుతుంది. నిశ్చింతగా పంపండి. ఫర్ లూప్ చలరాశి చిరునామాను దాచుకునేటప్పుడు మాత్రం వెర్షన్ చూసుకోవాలి: 2024లో వచ్చిన గో 1.22 నుంచి ప్రతి చుట్టుకూ కొత్త చలరాశి పుడుతుంది, అంతకుముందు అన్ని చుట్లకూ ఒక్కటే. మాడ్యూల్ ఫైలులో (go.mod) గో వెర్షన్ 1.21 అని ఉంటే కొత్త కంపైలర్ కూడా పాత పద్ధతినే పాటిస్తుంది.