రెండు బళ్ళు, ఒకే రోలు

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవులు చిన్నూకి, అమ్ములుకి, మీ అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ తాతయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ నాయనమ్మా క్షేమం. మిర్చి యార్డుకి కొత్త సరుకు దిగుతోంది. అటు నించి గాలి తిరిగిందంటే ఇంటిల్లిపాదికీ తుమ్ములే. బెజవాడలో మీరంతా క్షేమమని తలుస్తాను.

మొన్న ఫోన్లో అమ్ములు, టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ పెట్టెల గురించి ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, స్పైడర్‌మ్యాన్ డిస్కు పక్కింటి వాళ్ళ ప్లేస్టేషన్‌లో ఆడుతుంది కదా, మా ఎక్స్‌బాక్స్‌లో పెడితే ఎందుకు ఆడదు? డిస్కు డిస్కేగా?" అని. వెనక నించి చిన్నూ "ఎక్స్‌బాక్సే స్ట్రాంగు, అయినా తాతయ్యకేం తెలుసు" అని అరవడం కూడా వినబడింది. ఒరేయ్ చిన్నూ, నాకు ఆడడం రాదు, ఒప్పుకుంటాను. కానీ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఎవడు ఏ వస్తువు ఎంతకి అమ్ముతున్నాడు, అంతకే ఎందుకు అమ్ముతున్నాడు అన్నది నన్ను కాక ఇంకెవర్ని అడుగుతావు? ఫోన్లో చెబితే మధ్యలో పారిపోతారు. అందుకే ఉత్తరం.

మా చిన్నప్పుడు కొత్తపేటలో మా సందు మొదట్లో ఎదురుబొదురుగా రెండు ఇడ్లీ బళ్ళు ఉండేవి. ఒకటి సుబ్బయ్యది, ఒకటి కోటయ్యది. సుబ్బయ్య దగ్గర అల్లప్పచ్చడి. బెల్లమూ చింతపండూ పోటీ పడుతుంటే వెనక నించి అల్లం వచ్చి చెవి మెలిపెట్టేది. కోటయ్య దగ్గర కారప్పొడి. ఇడ్లీకి బొటనవేలితో గుంట చేసి, పొడి పోసి, పైన బుల్లి గరిటెతో నెయ్యి వదిలేవాడు. బాదమాకులో పెట్టి చేతికిస్తే ఆ నెయ్యి ఆకు ఈనె వెంబడి జారి మణికట్టు దాకా పాకేది. మణికట్టు నాక్కోనివాడు మాలో లేడు.

అల్లప్పచ్చడి కోటయ్య దగ్గర దొరకదు, కారప్పొడి సుబ్బయ్య దగ్గర దొరకదు. అడిగితే ఇద్దరిదీ ఒకే మాట: "అది కావాలంటే అటు పో." పైకి అలా అన్నా, నా పచ్చడి రుచి మరిగినవాడు చచ్చినట్టు నా దగ్గరికే రావాలన్నది ఇద్దరి ధీమా.

అమ్ములూ, నీ స్పైడర్‌మ్యాన్ సుబ్బయ్య అల్లప్పచ్చడి. 2018లో వచ్చిన ఆ ఆటని ప్లేస్టేషన్ పెట్టె అమ్మే సోనీ డబ్బు పెట్టి చేయించుకుంది. తయారుచేసిన కంపెనీని మరుసటేడు ఏకంగా కొనేసింది. మారియో ఆట కావాలంటే ఇంకో పెట్టెల కంపెనీ నింటెండో గడప తొక్కాల్సిందే. 2001లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ దించినప్పుడు దాన్ని నిలబెట్టింది హేలో అనే ఒక్క ఆట. పెట్టె ఇడ్లీ, ఆట పచ్చడి. ఇడ్లీ కోసం ఇడ్లీ తినేవాడు గుంటూరులో ఉన్నాడంటారా?

ఇక డబ్బు సంగతి. సుబ్బయ్య ఇడ్లీలు మరీ చవగ్గా ఇచ్చేవాడు. "దీంట్లో నాకేం మిగల్దురా అబ్బాయిలూ" అనేవాడు, అది అబద్ధం కూడా కాదు. కాకపోతే మొదటి గరిటె పచ్చడే ఊరికే. రెండో గరిటె నించీ గరిటెకో కానీ డబ్బు తీసుకునేవాడు. అల్లప్పచ్చడి ఒక్క గరిటెతో ఆపగలిగిన మగాడెవడు? ఈ పెట్టెల కంపెనీలు చేసేదీ అదే. 2021లో కాలిఫోర్నియాలో ఒక కోర్టు కేసులో మైక్రోసాఫ్ట్ అధికారి సాక్ష్యం చెబుతూ, ఎక్స్‌బాక్స్ పెట్టె అమ్మి మేం ఎన్నడూ లాభం చూడలేదని ఒప్పుకున్నారు. మొదటి ప్లేస్టేషన్ 3లు కూడా సోనీకి నష్టానికే పోయాయి. నింటెండో మాత్రం జాగ్రత్తపరురాలు, మామూలుగా ఇడ్లీ మీద కూడా నాలుగు డబ్బులు చూసుకుంటుంది. మిగతా ఇద్దరికీ రాబడి ఆటల మీదే. బయటివాళ్ళు ఎవరైనా ఆట చేసి తెచ్చి వాళ్ళ ఆన్‌లైన్ కొట్టులో పెడితే, అమ్మిన ప్రతి వందలో సుమారు 30 బండివాడికి కట్టాలి.

మన దేశంలో ప్లేస్టేషన్ 5 దిగింది 2021 ఫిబ్రవరిలో, అప్పటి ధర 49,990 రూపాయలు. పేరున్న కొత్త ఆట ఒక్కోటి దాదాపు 5,000. అంటే పది ఆటలు కొనేసరికి మీ నాన్న ఇంకో పెట్టె కొన్నట్టే. ఈ ముక్క మీ నాన్నకి చదివి వినిపించకండి. వినిపించినా ఫరవాలేదు.

అయితే సుబ్బయ్య బండి దగ్గర తిని, చెయ్యి కడుక్కుని, ఎదురు బండి దగ్గర ఇంకో రెండు లాగించొచ్చు కదా, మరి డిస్కు ఎందుకు అటు పోదు? దీనికి బండి చక్రం కొంచెం వెనక్కి తిప్పాలి.

1970ల చివర అమెరికాలో అటారీ అని పెద్ద బండి నడిచేది. రాను రాను దాని మీద ఎవడు పడితే వాడు తన పచ్చడి తెచ్చి పెట్టేవాడు. పులిసిందీ పాచిందీ అన్నీ వచ్చి చేరాయి. రెండుసార్లు కడుపు నొప్పి వచ్చిన జనం, మూడోసారి పచ్చడిని కాదు, ఇడ్లీనే మానేశారు. 1983లో అక్కడ ఆ వ్యాపారం మొత్తం కుప్పకూలింది. అమ్ముడుపోని ఆటల కార్ట్రిడ్జిలని (డిస్కులు రాకముందు ఆటలు నింపి అమ్మిన ప్లాస్టిక్ డబ్బీలు) అటారీ వాళ్ళు లారీలకెత్తి న్యూమెక్సికో ఎడారిలో, అలమగోర్డో ఊరి చెత్తకుప్పలో పూడ్చేశారు. ఇది కట్టుకథేమో అని చాలామంది అనుకునేవారు. 2014లో తవ్విస్తే నిజంగానే బయటపడ్డాయి.

ఇది చూసిన నింటెండో ఒళ్ళు దగ్గర పెట్టుకుంది. దానిది పాత కొంప. 1889లో జపాన్‌లో క్యోటో ఊళ్ళో పేకముక్కలు చేసుకుంటూ మొదలైంది. 1985లో అమెరికాలో పెట్టె అమ్మడానికి వెళుతూ లోపల ఒక బుల్లి చిప్పు పెట్టింది. అది తాళం. కార్ట్రిడ్జిలో దానికి సరిపడా తాళంచెవి చిప్పు ఉంటేనే ఆట నడుస్తుంది. ఆ చెవి నింటెండో దగ్గరే దొరుకుతుంది, అదీ తన షరతులకి లోబడితేనే. ఒక్కో కంపెనీ ఏడాదికి అయిదు ఆటలకి మించి తేకూడదన్నది అందులో ఒక షరతు. పాచి పచ్చడి రాకుండా పెట్టిన కాపలా నిజమే, బండివాడి వాటా ఎగ్గొట్టకుండా పెట్టిన కాపలా కూడా అదే. అమ్ములూ, ఆ డిస్కుని మీ ఎక్స్‌బాక్స్‌లో ఆడనివ్వంది ఆ తాళం వంశమే. పైగా డిస్కులో ఉన్న ఆటని ఆ పెట్టె భాషలోనే రాసి ఉంచుతారు, రెండోది చదివినా దానికి అర్థం కాదు.

నింటెండో ఈ పెట్టెనే 1983లో ముందుగా జపాన్‌లో అమ్మినప్పుడు దానికి ఈ తాళం లేదు. దాని నకళ్ళు లోకమంతా పాకడానికి అదీ ఒక కారణం. పాకి పాకి మన బీసెంట్ రోడ్డుకీ వచ్చాయి. మీ నాన్న చిన్నప్పుడు ఆడిన టీవీ గేమ్ ఆ బాపతే. కార్ట్రిడ్జి మీద ఆటలు వేలకి వేలని రాసి ఉండేది, లోపల అవే ఆటలు పేర్లు మార్చుకుని తిరుగుతుండేవి. బొమ్మ రాకపోతే కార్ట్రిడ్జి తీసి పొయ్యి ఊదినట్టు ఊదేవాడు. దానివల్ల ఒరిగేదేం లేదు, ఉమ్మి తేమకి లోపలి రేకులు పాడవుతాయి. చెబితే వింటేనా?

సోనీ కథ ఇంకా బావుంటుంది. సోనీలో కుతరాగి అనే ఇంజనీరు ఉండేవాడు. నింటెండో వాళ్ళ పెట్టెకి శబ్దం పలికించే చిప్పు తయారుచేసింది ఆయనే. అంటే నింటెండో బండి దగ్గర పిండి రుబ్బిపెట్టిన మనిషన్నమాట. ఆ పరిచయంతో రెండు కంపెనీలూ కలిసి సీడీ పెట్టె చేద్దామనుకున్నాయి. 1991 జూన్‌లో షికాగోలో సోనీ ఆ సంగతి నలుగురిలో ప్రకటించింది. తెల్లారేసరికి నింటెండో, మేం ఫిలిప్స్‌తో కలిసి చేస్తున్నాం అంది! మన పెళ్ళిళ్ళలో పీటల మీద నించి లేచిపోవడం అంటారే, అంతకంటే అన్యాయం. పిండి రుబ్బినవాడు ఊరుకుంటాడా? ఎదురుగా తన బండి తనే పెట్టాడు. 1994 డిసెంబర్లో ప్లేస్టేషన్ అలా పుట్టింది.

మరుసటేడు మే నెలలో లాస్ ఏంజిలిస్‌లో వీడియో గేముల ప్రదర్శన. సెగా అని అప్పట్లో ఇంకో గట్టి బండి, సోనిక్ అనే నీలం ఉడత లాంటి జంతువు వాళ్ళదే. (ఉడత కాదు, ముళ్ళపంది అని చిన్నూ దిద్దుతాడు. సరే, ముళ్ళపందే.) సెగా వాళ్ళు వేదికెక్కి, మా కొత్త సాటర్న్ 399 డాలర్లు, ఈ పాటికే కొట్లలోకి వచ్చేసింది అన్నారు. తరవాత సోనీ మనిషి వెళ్ళి, మైకు ముందు నిలబడి, "299" అని ఒక్క మాట అని దిగిపోయాడు. నా సర్వీసంతా ధరల గురించి పాఠాలు చెప్పాను గానీ, ఇంత పొట్టి పాఠం నేనెప్పుడూ చెప్పలేకపోయాను. ప్లేస్టేషన్ 10 కోట్లు దాటి అమ్ముడుపోయింది, సాటర్న్ కోటి కూడా దాటలేదు. 2001లో సెగా బండి కట్టేసి, పచ్చళ్ళు మాత్రం చేసి మిగతా బళ్ళకి పోయడం మొదలెట్టింది. మారియోకి ఆగర్భశత్రువైన సోనిక్ వెళ్ళి మారియో వాళ్ళ పెట్టెలోనే గెంతాడు.

దీన్ని ఇంతకంటే సాగదీస్తే పిండి పులుస్తుంది. అయినా ఒక్కటి చెప్పి తీరాలి.

మా సందులో పిల్లలం రెండు పార్టీలుగా చీలిపోయాం. నాది సుబ్బయ్య పార్టీ. కోటయ్య పార్టీ వాడితో గోలీలాడం, వాడి పలక తుడవం, వాడు బావి దగ్గర జారిపడితే చప్పట్లు. కోటయ్య ఇడ్లీ రాయి అని మేం, సుబ్బయ్య ఇడ్లీ జిగురని వాళ్ళు. ఒకరోజు తెల్లవారుజామున అమ్మ నన్ను పాలకి పంపింది. సందు చివర మంగమ్మ ఇంటి ముందు కిరసనాయిలు దీపం, లోపల రోలు తిరుగుతున్న చప్పుడు. గుమ్మంలో రెండు గిన్నెలు, ఒకటి సొట్టది, ఒకటి కళాయి పెట్టింది. సొట్టది సుబ్బయ్యది, నాకు బాగా తెలుసు. రెండోది కోటయ్యది. మంగమ్మ ఒకే రోట్లోంచి రెండింటికీ పిండి తోడిపోస్తోంది. సుబ్బయ్య, కోటయ్య అరుగు మీద కూచుని ఒకే చుట్ట మార్చి మార్చి కాలుస్తున్నారు.

చిన్నూ, నీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో మెదడు లాంటి చిప్పు తయారుచేసి ఇచ్చింది ఏఎండీ అనే కంపెనీ. వాళ్ళ ప్లేస్టేషన్ 5లో చిప్పు ఎవరిది? అదే ఏఎండీది. పాళ్ళు కాస్త తేడా, రోలు ఒకటే. నువ్వు స్ట్రాంగు అన్నావే, ఆ మాట తప్పు కాదు. నీది సెకనుకి 12 లక్షల కోట్ల లెక్కలు చేస్తుందని, వాళ్ళది 10 లక్షల కోట్లు దాటి చేస్తుందని కంపెనీలే చెప్పాయి. అయినా ఎక్కువ అమ్ముడుపోయింది వాళ్ళదే. 2006లో నింటెండో వీ అని ఒకటి తెచ్చింది. బలంలో పక్కవాళ్ళ ముందు పిల్లకాకి. కానీ చెయ్యి ఊపితే బంతి దొర్లేది, అందుకని ఎన్నడూ ఆటలు ముట్టని ముసలాళ్ళు కూడా లేచి ఊపారు. అదీ 10 కోట్లు దాటింది. ఇక మైక్రోసాఫ్ట్ సంగతంటావా, షావుకారు కదా, 2023లో ఏకంగా పచ్చళ్ళ ఫ్యాక్టరీనే కొనేసింది. యాక్టివిజన్ బ్లిజార్డ్ కోసం పెట్టింది 6,870 కోట్ల డాలర్లు. ఇప్పుడు తన పచ్చళ్ళు కొన్ని ఎదురుబండి మీద కూడా అమ్ముకుంటోంది. వాళ్ళు చుట్ట పంచుకుంటున్నారు, మీరేమో లిఫ్టులో మాటలు మానేశారట. మీ అమ్మ చెప్పింది.

కాబట్టి పెట్టె గురించి కొట్టుకోకండి. కొనే ముందు ఒక కాయితం తీసుకుని మీకు నిజంగా కావలసిన ఆటల పేర్లు రాయండి, అవి ఎక్కడెక్కడ దొరుకుతాయో పక్కన రాయండి. మీ బ్లాకులో ఎక్కువమంది దగ్గర ఏముందో కనుక్కోండి, కలిసి ఆడేది వాళ్ళతోనే కదా. ఇంకో మాట, డిస్కు పెట్టే అర లేని మోడలు చవగ్గా వస్తుంది, దానికి పడిపోకండి. డిస్కు అయితే పక్కింటివాడి దగ్గర అరువు తెచ్చుకోవచ్చు, ఆడాక అమ్మేయొచ్చు. ఆన్‌లైన్‌లో కొన్న ఆటని ఎవరి చేతిలో పెడతారు?

సెకనులో లక్షల కోట్ల లెక్కలు అసలు ఎలా జరుగుతాయి అని అడిగితే మాత్రం నేను చెప్పలేను. ఆ అంకె కాయితం మీద రాసి సున్నాలు చూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయి. చూడగలిగింది ఒకటి చెబుతాను. పక్కింటి వాళ్ళ ప్లేస్టేషన్ 5 చేతిమర (చేత్తో పట్టుకుని మీటలు నొక్కే కంట్రోలరు) ఒకసారి అడిగి తీసుకోండి, వెనక వైపు అరచేతికి ఆనేచోట వేలితో తడమండి. కొంచెం గరుగ్గా తగులుతుంది. బాల్కనీలో ఎండకి పట్టి, మీ నాన్న టేబుల్ సొరుగులో నేనిచ్చిన భూతద్దం ఉంటుంది, అది పెట్టి చూడండి. ఆ గరుకు ఉత్త గరుకు కాదు. ఆవగింజ కంటే చిన్న త్రిభుజాలు, సున్నాలు, ఇంటూ గుర్తులు, చదరాలు వేలకొద్దీ కిక్కిరిసి ఉంటాయి. అచ్చం మీటల మీద ఉండే నాలుగు గుర్తులే. ఎవరూ చూడని చోట అంత ఓపిగ్గా ఎవరు చెక్కారో! ఎక్స్‌బాక్స్ చేతిమర మీద ఏముందో చిన్నూ చూసి నాకు రాయాలి. ఫోన్ చెయ్యొద్దు, ఉత్తరమే రాయండి, బొమ్మ గీసి మరీ.

ఇట్లు,
మీ తాతయ్య